గున్నెల్ వెనక్కి నడిపిన ఎనభై మీటర్లు

గున్నెల్ ముప్ఫై ఒక్క ఏళ్ళు పుస్తకాల బస్సులో తిరిగింది. మా ఉత్తర స్వీడన్‌లో ఊరికీ ఊరికీ నడుమ నలభై, యాభై కిలోమీటర్ల అడవి. గ్రంథాలయానికి మనుషులు పోలేరు కాబట్టి గ్రంథాలయమే మనుషుల గుమ్మాల్లోకి వచ్చేది. బస్సు నడిపేవాడు సిక్స్‌టెన్. పక్క సీట్లో గున్నెల్. ఏ మలుపులో మంచు ఆలస్యంగా కరుగుతుందో, ఎవరింట్లో కాఫీలో వేసే జున్నుముక్క బాగుంటుందో అన్నీ ఆమెకు తెలుసు. స్టీరింగు మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు.

రిటైరయ్యాక, అరవై మూడో ఏట, లైసెన్సు తీసుకుంటానంది. ఆరుసార్లు తప్పింది. మొదటిసారి, పరీక్ష పెట్టే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, పుస్తకాల బస్సు ఆగే ప్రతిచోటా అలవాటుగా బండి ఆపింది. మూడోసారి డెబ్బైలో పోవాల్సిన దారిలో ముప్ఫైలో పోయింది. నాలుగోసారి అంతా సవ్యంగా చేసి, చివర్లో బండి వెనక్కి తియ్యమంటే, "పోవాల్సింది ముందుకు కదండీ?" అని అడిగిందట. ఏడోసారి పాసైంది. ఆ పరీక్షాధికారి విసుగెత్తి పాస్ చేశాడని ఎల్సీ ఊరంతా టముకు వేసింది.

ఎల్సీ గున్నెల్‌కు అన్న భార్య. క్యాంపర్ వ్యాన్ ఎల్సీదే. దాన్ని ఒక ప్లంబరు దగ్గర కొని, పైపులుండే అరల్లో గిన్నెలు సర్ది, మూడు పడకలు బిగించింది. వాళ్ళిద్దరూ, నేనూ కలిసి ముగ్గురం అందులో నార్వే సముద్రం దాకా వెళ్ళాలని మూడు వేసవుల నుంచి అనుకుంటున్నాం. తీరా బయల్దేరే వారంలో ఎల్సీ కుడికంటికి ఆపరేషన్ చేసి, నల్లద్దాలు పెట్టి, కొన్నాళ్ళు బండి నడపొద్దన్నారు. పక్కింటిదాన్ని, నా పేరు ఉల్లా, నేనేమో మెట్ల మీద జారి కుడికాలికి పిండికట్టు వేయించుకుని ఉన్నాను. ఇక మిగిలింది గున్నెల్, ఆవిడగారి మూడు వారాల లైసెన్సు.

"మానేద్దామే," అంది ఎల్సీ. "నాకిప్పుడు పనిచేసేది ఒక్క కన్ను. అది కూడా నీ చేతిలో పెట్టలేను."

"నీ కన్ను నాకెందుకు వదినా, తాళంచెవి ఇవ్వు చాలు."

ఎల్సీ ఇచ్చింది. కానీ దారి పొడుగునా తలుపు పిడిని వదల్లేదు.

కిరునా పట్నం దాటాక రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉంటుంది. అందరూ నూరులో పోయేచోట గున్నెల్ అరవైలో పోయింది. వెనకాల నాలుగు బండ్లు చేరగానే పక్కకు తీసి ఆపి, కిటికీలోంచి చెయ్యి ఊపి ఒక్కొక్కరినీ సాగనంపేది. ఒకచోట ముప్ఫై రెయిన్‌డీర్ జింకలు రోడ్డెక్కాయి. హారన్ కొట్టకుండా, వాటి వెనకాలే నడక వేగంతో ముప్పావుగంట నడిపింది. చివరికి నాలుగు చక్రాల మోటారు సైకిలు మీద ఆ మందను కాసే నిల్లా వచ్చాడు. ఒకప్పుడు ఆమె బస్సులో బొమ్మల పుస్తకాలు తీసుకున్నవాడే.

"హారన్ కొట్టత్తా!"

"వాటి దారిన అవి పోతున్నాయిరా, నాకేం తొందర?"

"అవీ అదే అనుకుంటున్నాయి. నువ్వు సాగనంపుతున్నావని మొహమాటానికి నడుస్తున్నాయత్తా!"

మధ్యాహ్నం ఒక సరస్సు పక్కన మంట వేసుకుని సాసేజిలు కాల్చుకున్నాం. దోమలకు అంతులేదు. ఎల్సీ టోపీ మీంచి దోమల వల దించుకుని, దాని లోపల నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంది.

"మేలిముసుగులో ఎంత బాగున్నావు వదినా! పెళ్ళికొడుకేడీ?"

"నీ బండి వెనక ఇరుక్కుపోయుంటాడు. క్రిస్మస్ లోపు వస్తాడేమో."

మర్నాడు సరిహద్దు దాటి నార్వేలో దిగాం. మేం వెళ్ళాల్సిన రేవుకు ఒకటే దారి. ఒక పక్క నిట్టనిలువు కొండ, ఒక పక్క సముద్రపు పాయ, మధ్యలో ఒక్క బండి పట్టే రోడ్డు. ఎదురుబండికి దారివ్వడానికి అక్కడక్కడ కాస్త వెడల్పు చేసి ఉంటుంది. వెడల్పు చోటు ఎవరికి దగ్గరైతే వాళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఆరు కిలోమీటర్లు ఎవరూ రాలేదు. గున్నెల్ కూనిరాగం కూడా మొదలెట్టింది. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా చేపల లారీ, దాని వెనక వరసగా కార్లు. వెడల్పు చోటు మా వెనకే, ఎనభై మీటర్ల దూరంలో ఉంది.

గున్నెల్ ఇంజను ఆపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

లారీ డ్రైవరు దిగి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, చొక్కా మీద ఒడ్వార్ అని పేరు కుట్టి ఉంది.

"బండేమన్నా చెడిందా అమ్మా?"

"బండి బాగుంది నాయనా. నాకే వెనక్కెళ్ళడం రాదు."

అతను మా ముగ్గురినీ చూశాడు. నల్లద్దాలు, పిండికట్టు, గున్నెల్. "మీరు దిగండి, రెండు నిమిషాల్లో నేను తీసిపెడతాను," అన్నాడు.

"దిగవే, దిగు! బంగారంలాంటి మనిషి," అంది ఎల్సీ.

గున్నెల్ తలుపు తీసి ఒక కాలు కిందపెట్టింది. అక్కడే ఆగిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు పక్క సీట్లో కూర్చున్న మనిషి, ఇప్పుడు దిగితే మళ్ళీ ఈ సీట్లోకి ఎక్కలేనని అనుకున్నట్టుంది. కాలు లోపలికి తీసుకుని తలుపేసుకుంది.

"మీకు ఆలస్యమవుతుంది, ఏమీ అనుకోకండి. నేనే తీస్తాను."

"మా చేపలు చచ్చి రెండ్రోజులైందమ్మా. వాటికి తొందర లేదు," అన్నాడు ఒడ్వార్.

నేను కర్ర పట్టుకుని వెనక నిలబడ్డాను. ఎల్సీ కూడా దిగి, చేతులు ఊపడం మొదలెట్టింది.

"ఎడమకి! ఎడమకే!"

"నీ ఎడమా, నా ఎడమా?"

"సముద్రం లేని వైపు!"

"అలా చెప్పు మరి!"

ఒక మీటరు పోవడం, ఆగడం, కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకోవడం, మళ్ళీ కదలడం. కార్లలోవాళ్ళు ఒక్కొక్కరే దిగి, లారీ పక్కన చేరి ఫ్లాస్కులు తీసి కాఫీలు పోసుకున్నారు. ఒక్కరూ హారన్ కొట్టలేదు. యాభయ్యో మీటరు దగ్గర వ్యాను కొండకు ఒరుసుకుని వెనకదీపం ఒకటి పగిలింది. "అయిపోయింది నా బండి!" అని ఎల్సీ కేకపెట్టింది. గున్నెల్ మెడ తిప్పి, నాలుక పళ్ళ మధ్య బిగించి, వెనక తలుపు అద్దంలోంచి మాత్రమే చూస్తోంది. ఇరవై అయిదు నిమిషాలకు నాలుగు చక్రాలూ వెడల్పు చోట్లోకి చేరాయి.

లారీ కదిలింది. పక్కనుంచి పోతూ ఒడ్వార్ స్టీరింగు మీంచి రెండు వేళ్ళు పైకెత్తాడు. వెనక కార్లవాళ్ళూ అలాగే ఎత్తారు. దారిలో డ్రైవర్లు ఒకరినొకరు పలకరించుకునే తీరది. ఇన్నేళ్ళూ ఆ వేళ్ళు లేచింది సిక్స్‌టెన్ కోసం. గున్నెల్ ప్రతి బండికీ రెండు వేళ్ళెత్తింది. ఆఖరి కారు పోయాక కూడా వాటిని దించడం మరచిపోయింది.

"కన్నీళ్ళేంటే?" అన్నాను.

"చెమటే," అంది.

రేవులో నాలుగు రోజులున్నాం. కాడ్ చేపలు ఉడకబెట్టుకుని తిన్నాం. నా కట్టు తడవకూడదని నేను ఒడ్డున కూర్చుంటే, వాళ్ళిద్దరూ నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి, కేకలు పెట్టి, బయటికొచ్చారు. ఎల్సీ పగిలిన దీపానికి ఎర్ర ప్లాస్టిక్ కాగితం అంటించి, పగలగొట్టినందుకు గున్నెల్ చేత మూడుసార్లు క్షమాపణ చెప్పించుకుంది.

తిరుగు ప్రయాణం ఆ దారినే. ఎదురుబండ్లు ఉండకూడదని నేను పొద్దున్నే అయిదింటికి అందర్నీ లేపాను. ఆ దారంతా దాటేదాకా ఒక్క బండీ రాలేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. గున్నెల్ మొహం మాత్రం వాడిపోయింది.

"ఒక్కడైనా రాలేదేంటే ఉల్లా?" అంది. "నేర్చుకున్నది మరచిపోతానేమో."

వెనక్కి తిరిగి చూస్తే ఎల్సీ నోరు తెరుచుకుని గుర్రు పెడుతోంది. తలుపు పిడి మీద చెయ్యి లేదు.

"చూశావా," అంది గున్నెల్ గొంతు తగ్గించి. "వదినకి నా మీద నమ్మకం కుదిరింది."

"నువ్వు పోయే వేగానికి ఎవరికైనా నిద్రే వస్తుంది," అన్నాను.

ఆమె నవ్వి, ఎల్సీ లేవకుండా మెల్లిగా గేరు మార్చింది.