నేను పడేసిన ముక్కలు

అచ్యుతాపురంలో మేం పనిచేసే ఫ్యాక్టరీలో మిషన్‌లో పడి సత్తిబాబు కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. కొన్ని నెలల తర్వాత, ఒక ఆదివారం మళ్లీ నాతో పేకాటకి, పోకర్‌కి కూర్చున్నాడు. పందేనికి చింతపిక్కలే. ఎడమచేత్తో ముక్కలు పట్టుకోలేక అతను పడే అవస్థ చూడలేకపోయాను. అతనింకా పందెం కాయలేదు. నేను ఒక్క పిక్క కూడా పెట్టకుండా ఊరికే ఆటలో ఉండొచ్చు. అయినా, రాజుల జత చేతిలో ఉండి కూడా ఓటమి ఒప్పుకున్నట్టు ముక్కలు పడేశాను.

"నువ్వే గెలిసావ్ బావా!"

అతను నా ముక్కలు తిప్పి చూశాడు.

"నానింకా పందెమే కాయనేదు కదా, ఎందుకు పడేసినావ్ బావా? వేళ్లు పోనాయి గానీ నాకు ఆట పోనేదు."

తన ముక్కలు నా ముందు పరిచాడు. మూడు పదులు! నా రాజుల జత కంటే పెద్దవి. నిజంగానే గెలిచేవాడు. ఆ గెలుపును నా జాలితో పాడుచేశాను.

ఇప్పటికీ ఆడుతున్నాం. అతని ముక్క జారి కిందపడితే, చూడకుండా తీసిస్తాను. ఆట మాత్రం జాలిపడి అతనికి వదిలిపెట్టను.