సగం మందు

ఆ ఆసుపత్రిలో స్కానింగు యంత్రం నడిపే ఆమెను అందరూ దుప్పటక్క అనేవాళ్ళు. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ముగ్గురు అన్నదమ్ముల మధ్య పెరిగిన మనిషి. చిన్నప్పుడు పెద్దన్న జుట్టు పట్టి లాగితే అతని చెవి కరిచి పట్టుకుంది, తల్లి వచ్చి ముక్కు మూస్తేగాని వదల్లేదు. పెద్దయ్యాక పళ్ళను వదిలేసి చేతులకు పని చెప్పింది. బస్సు క్యూలో తనను తోసిన ఒకాయన్ని కాలరు పట్టి ఈడ్చుకెళ్ళి అదే క్యూ చివర నిలబెట్టింది. తిన్న దెబ్బ తిరిగి ఇవ్వకపోతే ఆమెకు ఆ పూట ముద్ద దిగేది కాదు.

దుప్పట్ల సంగతి వేరు. యంత్రానికి చల్లదనం కావాలి, అందులో పడుకునే పిల్లలకు వెచ్చదనం కావాలి. మెడ చుట్టూ, భుజాల దగ్గర గోధుమరంగు కొవ్వు ఒకటి ఉంటుంది. చలేస్తే అది చక్కెరను మండించి ఒంటిని వేడి చేస్తుంది. పరీక్షకు ముందు ఎక్కించే మందేమో కిరణాలు చిమ్మే చక్కెర. దాన్ని ఎక్కువగా పీల్చుకున్నదల్లా తెర మీద వెలుగుతుంది, క్యాన్సరైనా సరే, చలికి మేల్కొన్న కొవ్వైనా సరే. ఏది ఏదో తేల్చలేక డాక్టర్లు తలలు పట్టుకుంటారు. అందుకే వచ్చిన ప్రతివాళ్ళనూ చెవుల దాకా కప్పేసి, ఏసీ మెకానిక్కుతో రోజూ తగువు పెట్టుకునేది.

ఆమె సెలవులో ఉన్నప్పుడు ఒక ఏడేళ్ళ పాపను చల్లటి వరండాలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. నయమైందనుకున్న పాప మెడ తెర మీద భగ్గుమంది. జబ్బు తిరగబెట్టిందా, ఉత్త కొవ్వేనా? జబ్బే అయితే ఆ జుట్టు ఊడే మందులు మళ్ళీ మొదలు. తేలాలంటే ఇంకోసారి స్కాను తియ్యాలి, అంటే ఆ చిన్న ఒంట్లోకి మళ్ళీ కిరణాలు. డాక్టరూ దుప్పటక్కా కూర్చుని ఒక దారి వెతికారు. పాపను ముందునుంచీ వెచ్చగా ఉంచాలి, మందు సగమే ఎక్కించాలి, వెలుగు తగ్గుతుంది కనుక రెట్టింపు సేపు తియ్యాలి. అంతసేపూ పాప కదలకూడదు. కదిలితే బొమ్మ చెదురుతుంది, మందు మళ్ళీ ఎక్కించాల్సిందే.

తల్లి కడుపుతో ఉంది కాబట్టి ఆవిడను కిరణాల దగ్గరికి రానివ్వకుండా కింద కూర్చోబెట్టారు. తండ్రి వరండాలో పచార్లు చేస్తున్నాడు. పాప యంత్రంలోకి వెళ్ళింది. అద్దానికి ఇవతల గదిలో దుప్పటక్క మైకు బటను నొక్కి, బకెట్లో ఇరుక్కున్న పిల్లి కథ ఎత్తుకుంది.

కథ సగంలో ఉండగా తండ్రి తోసుకొచ్చి లోపల గడియ పెట్టేశాడు. ఎందుకింత ఆలస్యమని అడిగితే, "మందు సగమే ఇచ్చారుగా" అని ఆయా చెప్పి చక్కా పోయిందట.

"నా కూతురికి సగం మందు ఇస్తావా? మేం మనుషుల్లా కనపడట్లేదా? ఆపు! పాపని బయటికి తియ్యి!"

దుప్పటక్క బటను వదిలింది. "అరవకండి సార్. సగం ఇచ్చింది పాప మంచికే. ఇంకాస్సేపట్లో అయిపోతుంది."

అతను చెంప మీద లాగి కొట్టాడు. ఆమె తల గోడకు తగిలి కళ్ళు బైర్లు కమ్మాయి. అతను పాప గదివైపు నడిచేసరికి ఆమె మైకుతో సహా వెళ్ళి ఆ తలుపుకు అడ్డంగా నిలబడింది. పిడికిలి దానంతటదే బిగిసింది. ఆ మనిషిని మట్టి కరిపించడం ఆమెకు ఒక లెక్క కాదు. కానీ ఇక్కడ కుర్చీలు పగిలితే అక్కడ పాప దిగ్గున లేస్తుంది. జీవితంలో మొదటిసారి ఆమె చెయ్యి దించుకుంది.

అతను కడుపులో గుద్దాడు. ఆమె ఊపిరి కూడదీసుకుని బటను నొక్కి, "అప్పుడు పిల్లి ఏం చేసిందంటే..." అంది. వదిలింది. జుట్టు పట్టి తలుపుకేసి కొట్టాడు. మళ్ళీ నొక్కింది. "తోక పైకెత్తింది, బంగారం." మూతి పగిలి నెత్తురు కోటు మీద కారుతోంది. గొంతు మాత్రం వణకనివ్వలేదు. కాలితో తన్నాడు. పిల్లి బకెట్టుతో సహా వీధంతా తిరిగింది. ఈ మనిషి చేతులు విరిగిపోవాలని ఆమె మనసారా కోరుకుంది.

కాపలావాళ్ళు గడియ విరగ్గొట్టి అతన్ని పట్టుకునేసరికి యంత్రం ఆగింది. దుప్పటక్క ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళి పాపను దింపింది.

"అక్కా, నేను కదిలానా?"

"లేదు బంగారం. వేలు కూడా కదపలేదు. నాన్న అరుపులు వినపడలేదా?"

"వినపడ్డాయి. ఇంట్లో అమ్మని కొట్టేటప్పుడు కూడా ఇలాగే పడుకుంటాను. కదిలితే నేను నిద్రపోలేదని తెలిసిపోద్ది కదా."

దుప్పటక్క పాపను దుప్పట్లో చుట్టి ఎత్తుకుని ఇవతలికి వచ్చింది. ఈలోగా పరుగున వచ్చిన డాక్టరు తెర మీద బొమ్మ చూస్తున్నాడు. పాప మెడలో ఎక్కడా వెలుగు లేదు.

"కొవ్వేనమ్మా! జబ్బు లేదు," అని ఆయన తండ్రివైపు తిరిగాడు. "చేసిన పనికి సిగ్గుపడవయ్యా. పాప బాగుంది, ఇంటికి తీసుకెళ్ళు."

తండ్రి భోరున ఏడ్చాడు. దుప్పటక్కకు దణ్ణం పెట్టాడు. కాపలావాళ్ళ పట్టు సడలింది. అతను చేతులు చాపి, "రా తల్లీ, ఇంటికి పోదాం," అన్నాడు.

పాప టక్కున కళ్ళు మూసుకుంది. ఊపిరి కూడా బిగబట్టి దుప్పట్లో కట్టెలా పడి ఉంది.

"పాపని ఇవ్వను," అంది దుప్పటక్క. "కింద వాళ్ళమ్మ ఉంది, ఆవిణ్ణి పిలవండి. పోలీసుల్ని కూడా పిలవండి. నా మూతి పగిలినందుకు కాదు."