నిన్న మా ఇంట్లో వచ్చిన వాసన గురించి

సలోమి లేదు.

నిన్న పొద్దున స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. స్టాఫ్ రూమ్‌లో కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందన్నారు. నేను హాస్పిటల్‌కు చేరేసరికి అయిపోయింది.

నాకింకా నమ్మకం కుదరడం లేదు. ఆమె టిఫిన్ బాక్స్ బ్యాగ్‌లోనే ఉంది.

ఈ పోస్ట్ నిన్న గాంధీనగర్‌లో మా ఇంటికి వచ్చిన వాళ్ళందరి కోసం. ముఖ్యంగా సలోమి తమ్ముడు ప్రేమ్ కోసం.

నేను విడిభాగాల కిట్ తెప్పించి, మనిషి ఎక్కి ఎగిరే చిన్న విమానం కడుతున్న సంగతి మీకు తెలుసు. షెడ్‌లో కడుతున్నాననే మీ అందరికీ తెలుసు.

ఇప్పుడు రెక్కల్లో అమరే ఫ్యూయల్ ట్యాంకుల పని నడుస్తోంది. పెట్రోల్ కారకుండా రేకుల అతుకులన్నిటికీ సీలెంట్ పూయాలి. దాని వాసన కుళ్ళిన గుడ్ల వాసన. మన బళ్ళారి ఎండకు షెడ్‌లో కలిపితే పూసేలోపే గట్టిపడుతుంది.

అందుకని ట్యాంకును మా బెడ్‌రూమ్‌లోకి మార్చాను. ఇంట్లో ఏసీ ఉన్నది ఆ ఒక్క గదికే.

మంచం ఎత్తి గోడకు ఆనించాం. సలోమి హాల్లో చాప వేసుకుంది.

"విమానం నీదప్పా, వాసన మాత్రం ఇద్దరిదీనా?" అంది.

అని ఊరుకోలేదు. పాలిథిన్ కవర్‌తో గోరింటాకు కోన్ లాంటిది చుట్టి ఇచ్చింది. అప్పటిదాకా నేను పుల్లతో పూసి రేకంతా గలీజు చేసేవాణ్ణి. కోన్‌తో తనే ఒక అతుకు వేసి చూపించింది. క్రిస్మస్ కేకుల మీద పేర్లు రాసే చెయ్యి. గీత గీసినట్టు వచ్చింది.

"నా పేరు రాస్తే ఎగరదా ఏంది ఇది?" అని నవ్వింది.

తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని, వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కునేది. క్లాసులో పిల్లలకు వాసన రాకూడదని.

నిన్న ఫోన్ వచ్చినప్పుడు నా చేతిలో ఆ కోనే ఉంది. కలిపిన సీలెంట్ అట్లే వదిలి పరుగెత్తాను. గది తలుపు ఓరగా ఉండిపోయింది.

మధ్యాహ్నం ఆమెను ఇంటికి తెచ్చాం. ఫ్రీజర్ బాక్స్ రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు. ఏసీ గదిలో పడుకోబెడదామని సలోమి వాళ్ళ అక్క అడిగింది.

వద్దన్నాను. సామాన్లు ఉన్నాయన్నాను.

సీలెంట్ ఇంకా పచ్చిగా ఉంది, ట్యాంకును కదిలిస్తే అతుకు జరుగుతుంది. ఆ సమయంలో నాకు తట్టింది అది.

హాల్లో ఫ్యాన్ కింద పడుకోబెట్టాం. వచ్చినవాళ్ళు ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నారు. నేను చూశాను. వాళ్ళక్క నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది.

"తొందరగా తీస్కపోదామప్పా. ఎండకు నిలిచేట్ల లేదు."

ఆ వాసన ఎక్కడిదో నాకు తెలుసు. ఒక్క మాట చెబితే సరిపోయేది. భార్యను ఉక్కలో ఉంచి ట్యాంకును ఏసీలో పెట్టానని అంతమంది ముందు చెప్పడానికి నోరు రాలేదు.

తలూపాను.

సాయంత్రం జరగాల్సిన సమాధి ముందే జరిగిపోయింది. ప్రేమ్ హుబ్బళ్ళి నుంచి దారిలో ఉన్నాడు. కంటోన్మెంట్ సమాధుల తోటకు చేరేసరికి మట్టి వేయడం అయిపోయింది.

"అక్క మొగం చూడనీకుండా చేస్తిరి కదా బావా" అన్నాడు.

ఎండ అని చెప్పాను.

ఎండ కాదు, ప్రేమ్.

నేను ఆమె తల దగ్గరే కూర్చున్నాను. పొద్దున స్కూల్‌కు పోతూ వేసుకున్న పౌడర్ వాసన తప్ప సలోమి దగ్గర ఇంకేమీ లేదు. మీరంతా ముక్కు మూసుకున్న వాసన నాది. దయచేసి ఆమెను ఆ వాసనతో గుర్తుపెట్టుకోకండి.

ట్యాంకును బయట ఎండలో పడేశాను. గది కడిగాను. మంచం వేశాను.

నిమ్మళంగా పడుకో, సలోమీ.