ఏదొచ్చినా ఆపు

ఎనిమిదో తరగతిలో నేను బడిని వదిలానా, బడి నన్ను వదిలిందా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. అయినా తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో జనగామలో నాకొక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. కంప్యూటర్ తెరవడం, మూయడం, మధ్యలో దుమ్ము తుడవడం. నా విద్య అంతే.

ఒక బందుకు ముందురోజు బయ్యారం నుంచి మా మేనత్త బిడ్డ దిగింది. ఇంజనీరింగ్ అయిపోయి ఇంట్లో ఉంటోంది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఆమెకు పరీక్ష పెట్టింది. వచ్చినదాని రూపాన్ని బట్టి ఏం చెయ్యాలో తేల్చే ప్రోగ్రాం ఒకటి, సొంత ఉదాహరణతో, స్కాలా అనే కంప్యూటర్ భాషలో రాసి మర్నాడు సాయంత్రానికి పంపాలి. నచ్చితే ఉద్యోగం. బయ్యారంలో నెట్ నిలబడక నా దగ్గరికి వచ్చింది.

మర్నాడు షట్టరు సగం దించి కూర్చున్నాం. బయట నడిరోడ్డు మీద వంటావార్పు. పొయ్యిలు పెట్టి, వండుకుని తింటూ దారి ఆపడం అప్పట్లో మా ఊరి పోరాటం.

"గిదేంది పిల్లా, లైనుకో కేసు రాస్తున్నవ్? పోలీసులు పెట్టినయి సాలవా?" ప్రతి లైను ముందూ ఆమె 'కేస్' అని కొడుతుంటే అడిగాను.

"జర ఊకో బావా. బస్సు, లారీ, అంబులెన్సు, అన్నీ వాహనాలే గద. ఒకటొస్తది. రూపం చూసి ఏందో గుర్తుపడ్తం. కావాలంటే తలుపు తీసి లోపలేమున్నదో గూడ చూస్తం. గా రూపానికి ఏం చెయ్యాల్నో కేసుల రాస్తం."

"గంతేనా? బయట మనోళ్లు చేస్తున్నది గదే!"

ఆమెకు ఆ మాట నచ్చింది. బయటి వంటావార్పే ఉదాహరణ అయింది. నిబంధనలు నన్నే చెప్పమంది. ఇంత గౌరవం బళ్లో ఎన్నడూ దొరకలేదు కాబట్టి గొంతు సవరించుకుని చెప్పాను.

"మొదట ఏదొచ్చినా ఆపు. తర్వాత, అంబులెన్సుల రోగి ఉంటే వదులు. పెండ్లి వ్యానుల పిలగాడు ఉంటే వదులు. లేకుంటే దింపి బువ్వ పెట్టు."

అలాగే కొట్టింది. మిషన్ ఇంగ్లీషులో ఏదో హెచ్చరించింది. "గొణగనియ్" అన్నాను. నడిపి చూస్తే తెర మీద బస్సు ఆగింది, లారీ ఆగింది. రోగితో ఉన్న అంబులెన్సూ ఆగింది, పెళ్లికొడుకూ ఆగాడు.

"నీకో దండం బావా! ఇది పైనుంచి చదువుతది. ముందు ఏది సరిపోతే గాడనే ఆగుతది. నీ 'ఏదొచ్చినా' అన్నిటికీ సరిపోయె. కిందివాటి దాకా పోయేదెప్పుడు?"

నాకు వింతగా తోచింది. బయట అందరూ అరుస్తున్నది అదే మాట కదా, మరి వాళ్లకెలా కుదురుతోంది? షట్టరు కింద నుంచి వంగి వెళ్లి చూశాను. "ఏదొచ్చినా ఆపుండ్రి!" అని ఒకాయన గొంతు చించుకుంటున్నాడు. అంతలో నర్మెట్ట వైపు నుంచి సైరన్ వినబడింది. ఎవరూ చెప్పకముందే ఇద్దరు ఉడుకుతున్న అన్నం గుండిగను చెవులు పట్టి పక్కకు జరిపారు. అరిచేవాడు అరుస్తూనే పొయ్యి రాళ్లు కాలితో నెట్టాడు. అంబులెన్సు ఖాళీగా ఉందని నాకు వెనక అద్దంలోంచి కనబడింది. వాళ్లలో ఒక్కరూ లోపలికి తొంగి చూడలేదు. దాని వెనక వచ్చిన పెళ్లి వ్యానును మాత్రం ఆపి, తలుపు తీసి, పిలగాడి మొహం చూసి, నవ్వి వదిలారు.

వచ్చి చూసింది చూసినట్టు చెప్పాను. ఆమె 'ఏదొచ్చినా'ను అన్నింటి కిందకు దించింది. తర్వాత అంబులెన్సు కేసు దగ్గర ఆగి, కాసేపు ఆలోచించి, లోపల రోగిని వెతికే ముక్క తీసేసింది. ఈసారి అంబులెన్సు ఖాళీగానే దాటిపోయింది. సాయంత్రం కాకముందే ప్రోగ్రాం పంపేసింది.

మరుసటి రోజు కంపెనీ నుంచి ఫోన్. నేను తుడిచిన కీబోర్డునే మళ్లీ తుడుస్తూ విన్నాను. పెళ్లి వ్యానుకైతే తలుపు తీసి చూస్తున్నావు, అంబులెన్సును మాత్రం చూడకుండా ఎందుకు వదిలేశావని అడిగినట్టున్నారు.

"ఖాళీగ పోతున్నదంటే ఎక్కడో ఒకరు దానికోసం చూస్తున్నట్టే గద సార్" అంది.

అవతల ఏదో అన్నారు.

"ఏమన్నరే?"

"సోమవారం చేరమన్నరు బావా!" అంటూ మా అమ్మకు చెప్పడానికి పరుగెత్తింది.

నేను మెల్లగా ఆమె కుర్చీలో కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ట్రాక్టరు అని ఒక కొత్త కేసు కొట్టాను. ట్రాక్టరెవరో తనకు తెలియదని మిషన్ కసిరింది. ఎలా తెలియజెప్పాలో అడుగుదామని ఆమె తిరిగొచ్చేదాకా అక్కణ్ణుంచి లేవలేదు.