వెంకటగిరియప్పకు నప్పిన ట్యాబ్

"ఆ చెయ్యి అంతలా వణుకుతుంది. ఆ చేతిలో కాలే సోల్డరింగ్ కడ్డీ. పక్కనే మా పిల్ల ముఖం వంచి చూస్తూ ఉంటుంది. ఎప్పుడు ఏమవుతుందోనని ఆఫీసులో కూర్చున్నా అదే ధ్యాస నాకు."

ఆఫీసు నుంచి వచ్చి, పై అంతస్తుకు ఎక్కే ఓపిక లేక మెట్ల మీదే కూలబడి నేను అన్న మాటలివి. కింది వాకిట్లో అనపకాయల గింజలు ఒలుస్తున్న అక్కయమ్మ తల ఎత్తింది.

"ఆ కడ్డీ బీరువాలో పెట్టి తాళమేసి నెల దాటిందమ్మా. తాళంచెవి ఇదో, నా కొంగులోనే ఉండాది. ఇప్పుడు నా భయం వేరే. ఆ బొమ్మబండ్లు నడపడం గూడా పోతే ఆయప్ప ఏమైపోతాడో అని."

ఆయప్ప అంటే ఆమె భర్త వెంకటగిరియప్ప, మా ఇంటి ఓనరు. బెంగళూరులో కలవక ముందు, కాడుగోడి ఇంకా ఊరుగా ఉన్న రోజుల్లో ఇక్కడే పుట్టాడు. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా డ్రైవరు వెనక నిలబడే గడిచింది కానీ, తాను మాత్రం ఏ బండీ నడపలేదు. వయసులో ఒకసారి స్కూటరు నేర్చుకోబోయి, రేషను షాపు ముందు కిరోసిన్ క్యూలోకి దూసుకెళ్లాడట. మళ్లీ హ్యాండిలు ముట్టుకోలేదు.

రిటైరయ్యాక ఎవరో పారేసిన బొమ్మ కారు విప్పి చూశాడు. అక్కడ మొదలైంది. పాత టిఫిన్ డబ్బాలకు చక్రాలు, మోటార్లు బిగించి, ఫోన్‌లో బాణం గుర్తులు నొక్కితే కదిలే బండ్లు చేశాడు. ప్రతి ఆదివారం మేడ మీద వాటిని నడిపేవాడు. వీధిలో పిల్లలంతా చేరేవారు. మా పాప కిరణ్మయి అయితే శనివారం రాత్రి నుంచే తాత, తాత అని కలవరిస్తుంది.

చేతికి వణుకు వచ్చాక ఫోన్‌లోని చిన్న బాణాలు ఆయనకు అందకుండా పోయాయి. ముందుకు నొక్కబోతే వేలు ఎడమ మీద పడేది. పిల్లలు జాలిపడి "నేను నడుపుతా తాతా" అని ఫోన్ తీసుకునేవారు. ఆయన ఇచ్చేసేవాడు. కిందటి ఆదివారం మాత్రం, "ఈ డబ్బాలన్నీ మీరే పంచుకోండి. తోలలేనోడికి బండ్లెందుకు?" అన్నాడట.

"నువ్వు చదువుకున్నదానివి. పెద్ద బాణాలు కనపడే ట్యాబ్ ఒకటి, మాకు అందే ధరలో చూసిపెట్టమ్మా" అంది అక్కయమ్మ.

నేను ఫిజిక్స్ ఎమ్మెస్సీ. ఒక కంపెనీలో టెస్టింగ్ పని చేస్తాను. ఆ వారమంతా క్యాబ్‌లో వస్తూ పోతూ రివ్యూలు చదివాను. చదువుతూనే నిద్రపోయేదాన్ని. సిగ్నల్ దగ్గర మెలకువ వస్తే మళ్లీ మొదటి నుంచి. చివరికి తక్కువ ధరవాటిలో వేలు తగలగానే స్పందించే ట్యాబ్ ఒకటి తేల్చాను. చేతకాని వేలికి చురుకైన తెర కావాలి కదా అనుకున్నాను.

శనివారం ముగ్గురం రైల్వే స్టేషన్ దారిలో ఉన్న షాపుకు వెళ్లాం. ఆయన గుడ్డ సంచిలో టిఫిన్ డబ్బా బండి తెచ్చుకున్నాడు. షాపులో రమ్య అనే అమ్మాయి ఉంది.

"డెమో పీస్‌లో ఈ బండి యాప్ వేస్తే మా ఓనర్ తిడతాడు మేడమ్."

"తిడితే నన్ను పిలువు పాపా. బస్సులో తిట్లు తిని తిని బలిసినోణ్ణి నేను" అన్నాడు వెంకటగిరియప్ప.

రమ్య నవ్వి యాప్ వేసింది. బండిని నేల మీద పెట్టాం. ఆయన ముందుకు పోయే బాణం మీద వేలు పెట్టాడు.

బండి ఒక గెంతు గెంతి ఆగింది. మళ్లీ గెంతింది. ఆగింది. నేను ఎంచిన తెర ఎంత చురుకైనదంటే, వేలి ప్రతి వణుకునూ ఒక విడి నొక్కుగా లెక్కేస్తోంది. బాణం ఎంత పెద్దదైనా లాభం లేకపోయింది. షాపుకొచ్చిన వాళ్లు ఆగి చూస్తున్నారు. ఆయన ట్యాబ్‌ను మెల్లగా బల్ల మీద పెట్టి, వంగి బండిని సంచిలో వేసుకున్నాడు.

"పదమ్మా, పోదాం. సుమ్నే, ఊరికే మీకు శ్రమ."

వారం రోజుల అలసటంతా మీద పడి, అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను.

"ఏమయ్యా, ఒక స్టాపుకే దిగిపోతావా?" అంది అక్కయమ్మ. రమ్య వైపు తిరిగింది. "ఇంకోటి చూపించు పాపా."

"ఒకటుంది గానీ ఆంటీ, బాగా స్లో. పిల్లలకి వీడియోలు పెట్టడానికి తీసుకుంటారు. తీసుకున్నవాళ్లూ తిట్టుకుంటారు." కింది అరలోంచి మందపాటి ప్లాస్టిక్ పొర అంటించిన ట్యాబ్ తీసింది.

నేను వద్దనబోయాను. అక్కయమ్మ అప్పటికే బండిని సంచిలోంచి లాగేసింది.

ఆయన వేలు పెట్టాడు. బండి కదల్లేదు. కాసేపటికి కదిలింది. కదిలాక ఆగలేదు. వేలు వణుకుతూనే ఉంది, బండి మాత్రం తిన్నగా పోతోంది. ఆ మొద్దు తెరకు వణుకులు తెలియడం లేదు, నొక్కు ఒక్కటే తెలుస్తోంది. బండి స్టూళ్ల మధ్యగా వెళ్లి, మలుపు తిరిగి, అక్కయమ్మ చెప్పు దగ్గర ఆగింది.

"చూస్తివా, ఆపినా!" అన్నాడాయన.

"ఆపకుంటే కాలు ఇరగ్గొట్టుందువు. ఇదే ప్యాక్ చెయ్ పాపా."

మర్నాడు మేడ మీద ఆయనే బండి నడిపాడు. డబ్బాలు పంచే మాట మళ్లీ ఎత్తలేదు. నేను నీళ్ల ట్యాంకు పక్కన కూర్చున్నాను. కిరణ్మయి నడుపుతున్న ఇంకో బండి నీళ్లు పోయే కంతలో ఇరుక్కుంది. నేను లేచాను.

"కూర్చోమ్మా" అన్నాడు, తెర మీద నుంచి కళ్లెత్తకుండానే.

"చెయ్యి గీసుకుంటుందేమో అంకుల్."

"కొత్తగా చేరినప్పుడు నేనూ ఇట్లే. బస్సు కొంచెం ఊగితే విజిల్ ఊదేవాణ్ణి. డ్రైవరు పాపం ప్రతిసారీ బ్రేకేసేవాడు. ఒకరోజు బండి పక్కకు నిలిపి, సీటు దిగి, 'నువ్వే వచ్చి తోలప్పా' అనేసినాడు. బస్సంతా నవ్వె."

నాకూ నవ్వొచ్చింది. కంత దగ్గర కిరణ్మయి ఒక పుల్ల వెతుక్కుని బండిని పైకి లేపుతోంది. నా వైపు చూడలేదు. నేను నిలబడే ఉన్నాను.

"అప్పట్నుంచి ఎవురన్నా దిగాలంటేనే ఊదినా" అన్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పిన మాటనే ఇప్పుడు ఇంట్లో, స్కూలు గేటు దగ్గర, ఆ మేడ మీద పాటిస్తున్నాను. పాటించడమూ అలసటే.

"బిడ్డ పిలిస్తే పరిగెత్తమ్మా. పిలిచేదాకా మాత్రం కూర్చో."