కుక్కకు పళ్లు తోమిన పొద్దు

భద్రాచలం బస్సుకు దుమ్ముగూడెంలో ఒక స్టాపు ఉంది. దానికి రేకుల షెడ్డు, కూర్చోవడానికి బండ కూడా ఉన్నాయి. అయినా ఎనభైల్లో ఆ బస్సు ఎప్పుడూ మా వాకిలి ముందే ఆగేది. నేను లుంగీ ఎగ్గట్టి ఏ పని మొదలుపెట్టినా కిటికీల నిండా ప్రేక్షకులే. డ్రైవరుకు మొరపెట్టుకున్నాను కూడా. "మీ ఇంటి ముందల నీడ మంచిగుంటది సార్" అన్నాడు.

ఆ రోజుల్లో మా కుక్క నోరు వాసన కొట్టేది. వాసన అని మర్యాదకు అంటున్నాను. అది ఆవులిస్తే మా ఆవిడ పొయ్యి మీది కూర వదిలేసి వాకిట్లోకి వచ్చేది. చివరికి ఒకనాడు తేల్చి చెప్పింది: "వాసన పోతే సరే. లేకుంటే దాన్ని మిరపచేను కాడికి తోలెయ్యండి." మా చేను అడవి అంచున. అక్కడ కాపలాకు కట్టేసిన కుక్కల్ని ఒక చిరుత వరసగా ఎత్తుకుపోతోంది. కాబట్టి అది బదిలీ కాదు, ఉరిశిక్ష.

పశువుల దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరు దాని పెదవి పైకెత్తి చూసి, "పండ్లకు గార పట్టింది, చిగుళ్లు వాచినయ్. రోజూ తడిగుడ్డతోని మెల్లగ రుద్దుండ్రి, తగ్గుతది" అన్నాడు. నేను బీయస్సీ. గుడ్డపీలికతో సరిపెట్టుకోవడం చదువుకు తలవంపులనిపించింది. నా పాత బ్రష్షు వెతికి తీసి, దాని మీద నా పేస్టే ధారాళంగా పిండాను.

మర్నాడు పొద్దున్నే కుక్కను మోకాళ్ల మధ్య ఇరికించుకుని తోమడం మొదలుపెట్టాను. అది కరవలేదు. నా మీది గౌరవం కంటే పేస్టులోని తీపే కారణమనుకుంటాను. నాకీ నాకీ మూతి నిండా నురగ తెచ్చుకుంది. సరిగ్గా అప్పుడే బస్సొచ్చి ఆగింది.

"వామ్మో, కుక్కకు పిచ్చి లేసింది!" అని కిటికీలోంచి ఒకావిడ కేక.

"ఓ పెద్దమనిషీ, ఇడ్సిపెట్టు దాన్ని, కరుస్తది!" అన్నాడు కండక్టరు.

"ఇడ్సిపెడితే మన మీదికొస్తది. గట్లనే పట్టుకోనియ్, నేను కొడత" అంటూ ఒకాయన కర్రతో దిగాడు.

"పిచ్చి కాదయ్యా, పళ్లు తోముతున్నా!" అన్నాను.

"కుక్కకా?" కర్రాయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, కండక్టరు వైపు తిరిగాడు. "ఈయన్ను ఇంతకుముందే కరిసినట్టుంది."

కర్ర లేచింది. ఇక వాదనకు వ్యవధి లేదు. నురగ పేస్టుదేనని రుజువు చెయ్యాలి. సైన్సు చదివిన ఫలం ఆ క్షణాన అక్కరకొచ్చింది. అదే బ్రష్షు నా నోట్లో పెట్టుకుని గబగబా తోమాను. నాకూ నురగొచ్చింది. నోరు బార్లా తెరిచి బస్సు మొత్తానికీ చూపించాను.

కర్ర మెల్లగా దిగింది. "అవ్, పేస్టే" అన్నాడు కండక్టరు, కొంచెం నిరాశగా.

గోల విని మా ఆవిడ బయటికొచ్చింది. వంగి కుక్క మూతి వాసన చూసింది. తర్వాత నా చేతిలో బ్రష్షునూ నా గడ్డం మీది నురగనూ చూసింది.

"కుక్క ఇంట్లోనే ఉంటది. చేను కాడికి మీరు పోండి" అంది.