గాజుబుడ్డీ, పెద్దాయన నాలుకా

ఒళ్ళో సీసా పెట్టుకుని ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోతున్న నన్ను ఆ రోజు బస్సంతా తిట్టింది. సీసాలో ఉన్నది ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్ళు. ఆదోనిలో ఒక కాంపౌండరును బతిమాలి సంపాదించాను. పక్క సీటు ముసలమ్మ "గుక్కెడు నీళ్ళియ్యప్పా, గొంతెండిపోతాంది" అంది. ఇవి తాగే నీళ్ళు కావన్నాను. "తాగని నీళ్ళు ఒళ్ళో పెట్టుకోని యాడికి పోతాండావప్పా?" అంది. దానికి జవాబు చెప్పడానికి నా బి.ఎస్సీ. చాలలేదు.

మాది పత్తి వ్యాపారుల ఇల్లు. అంగట్లో కూర్చోనని నాన్నతో పంతం పట్టి, ఎమ్మిగనూరులో ఒక రంగుల షెడ్డులో మూడు నెలల పనికి కుదిరాను. నేతగాళ్ళ నూలుకు నీలిరంగు వేసే షెడ్డు అది. తొట్టికో తీరు నీలం వస్తోందని యజమాని మద్రాసు నుంచి పి.హెచ్. మీటరు తెప్పించాడు. తొట్టి నీళ్ళు పులుపు వైపు ఉన్నాయా, సున్నపు ఘాటు వైపు ఉన్నాయా ముల్లుతో చూపించే పెట్టె.

అప్పటిదాకా ఆ పని చేసింది రంగులు కలిపే పెద్దాయన నాలుక. వేలు ముంచి, నాలుక కొసకు తాకించి, ఉమ్మేసి, సున్నం ఇంకెంత పడాలో చెప్పేవాడు. యజమాని మా ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి తేల్చేశాడు. "ముల్లు సరింగా పన్జేస్తే ఈ పిల్లోడు ఉంటాడు, నువ్వు ఇంటికాడ కూసుందువు. సెయ్యకుంటే పెట్టె మద్రాసుకు, పిల్లోడు ఆదోనికి."

పెట్టె మూత తీసి, బ్యాటరీలు బిగించి, స్టాండుకు రెండు కడ్డీలు తగిలించాను. ఒకదాని కడుపులో ఉప్పు ద్రావణం నింపాలి. రెండోది గాజుది, దాని కొసన ద్రాక్షపండంత బుడ్డి, ఉల్లిపొరంత పలచన. రెండింటినీ ఒకే గ్లాసులోకి దించి, తీగలు పెట్టెకు కలపాలి. గాజుకడ్డీ తీగకు చెమ్మ తగిలితే ముల్లు తిక్కతిక్కగా ఆడుతుందని పుస్తకంలో రాసుంది. పెద్దాయన చేతులేమో మోచేతుల దాకా నీలం, ఎప్పుడు చూసినా తడి. దగ్గరకొస్తే చాలు, "దూరం, దూరం" అనేవాణ్ణి.

"ఏందప్పా, ఇది మడి కట్టుకున్యాదా?" అన్నాడాయన.

సాయంత్రానికి, ముల్లు సరిచూడటానికని బోరాక్సు కలిపిన నీళ్ళలో ముంచి మీట తిప్పితే ముల్లు తొమ్మిది దాటి నిలబడింది. పుస్తకం చెప్పిన చోటే. నా కాళ్ళు నేలమీద ఆనలేదు. బుడ్డి ఎండిపోకూడదు కాబట్టి దాన్ని నా సీసా నీళ్ళలో నానబెట్టి, మద్రాసు నేనే కట్టించినంత దర్జాగా బసకు పోయాను.

పొద్దున మళ్ళీ బోరాక్సుతో సరిచూసుకోవాలి. నేను వచ్చేసరికే యజమాని కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా మూడు గ్లాసులు: చింతపండు పులుసు, బావినీళ్ళు, తొట్టి నీళ్ళు. పులుసులో ముంచాను. ముల్లు ఏడు, అంటే పులుపూ కాదు, ఘాటూ కాదు. బావినీళ్ళు, ఏడు. తొట్టి నీళ్ళు, అదే ఏడు. ఎండాకాలపు ఎద్దులా అది పడుకున్న చోటు నుంచి లేవలేదు. తీగలు పీకి పెట్టాను, బ్యాటరీలు కదిపాను, పెట్టెను తట్టాను కూడా.

"పులుసుకూ సున్నానికీ తేడా తెలీదా దీనికి?" అన్నాడు యజమాని. నా కళ్ళముందు మా అంగడి దూది మూటలు కదిలాయి.

అప్పుడు పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "తప్పు నాదేనప్పా. నిన్న పొద్దుమునిగేయాళ ఆ నానేసిన నీళ్ళలో ఆముదపు సబ్బునూనె రెండు సుక్కలు ఏసినా. ఉత్త నీళ్ళలో యాదైనా నానుతాదా? పిల్లోడు మర్సిపోయినాడనుకున్యా."

నూలు నానబెట్టే నీళ్ళలో నూనెచుక్క వెయ్యకపోతే నూలు తడవకుండా పైకి తేలుతుంది. ఏ రంగుపనివాడూ దాన్ని మరవడు. నా పరువు కాపాడదామని ఆయన బుడ్డికి నూనె పట్టించాడు. దాంతో అది మూగదైపోయింది.

స్పిరిటుతో కడిగి, మంచినీళ్ళతో జాడించి, మళ్ళీ ముంచాను. పులుసులో ముల్లు మూడుకు దిగింది. తొట్టిలో పది దాటింది. యజమాని ముఖం విప్పారింది. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది. యజమాని పెట్టె మీద చెయ్యి వేసి, పెద్దాయన వైపు చూడకుండానే "వచ్చే నెల నుంచి నువ్వు రావద్దులే" అన్నాడు.

పెద్దాయన నూనె సంగతి చెప్పకుండా నోరు మూసుకుని ఉంటే చాలు, పెట్టె మద్రాసుకు పోయేది. ఇద్దరమూ ఉండాలి అని నేను ఒక్క మాట అనాల్సింది. సంతోషంలో ఆ మాట నాకు తట్టలేదని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అబద్ధం. తట్టింది. ఎక్కడ నా ఉద్యోగం పోతుందోనని భయపడి మింగేశాను.

సాయంత్రం పెద్దాయన చేతులు కడుక్కుంటూ, నా ముఖం చూసి, తనే అన్నాడు. "మంచిదేలేప్పా. ఈ సున్నంతో నాలుక సచ్చిపోయింది. సంగటి రుసి తెలిసి ఎన్నేండ్లయిందో."

నాలుక చచ్చినవాడు నిన్నటిదాకా తొట్టి రుచి ఎలా పట్టాడని నేను అడగలేదు. నిజమే అన్నట్టు తలూపాను.